మూడు చేతుల కొయ్యమనిషి: ఏడాది వాడకం తరువాత ఒక సమీక్ష

ఏడాది క్రితం, మెల్బోర్న్ పశ్చిమ శివారులో మేము అద్దెకుంటున్న ఇంటి గరాజ్‌లోకి రెండు పెట్టెల్లో ఒక కొయ్యమనిషి దిగింది. తొమ్మిది అంగుళాల మందం, ఐదడుగుల ఎత్తు ఉన్న గుండ్రటి దుంగ, దానికి మూడు చేతులు, మోకాలి దగ్గర వంగినట్టుండే ఒక కాలు. తల లేదు, ముఖం లేదు. దక్షిణ చైనాకు చెందిన వింగ్ చున్ అనే యుద్ధ విద్యను అభ్యసించేవారు, జోడీ దొరకని రోజుల్లో ఒంటరిగా సాధన చేసుకోవడానికి వాడే పరికరం ఇది. కాంటనీస్ భాషలో దీన్ని ముక్ యాన్ జోంగ్ అంటారు. మన మాటల్లో కొయ్యమనిషి గుంజ. హాంకాంగ్‌లో వింగ్ చున్ నేర్పిన గురువు ఇప్ మాన్ మీద 2008లో హాంకాంగ్ చిత్రం వచ్చినప్పటి నుంచి ఈ వస్తువును గుర్తుపట్టనివారు తక్కువ. కొని ఇంట్లో పెట్టుకోవాలని ముచ్చటపడేవారు మనవాళ్ళలోనూ ఉన్నారు. నన్నే నలుగురైదుగురు అడిగారు కాబట్టి, నోటితో నాలుగుసార్లు చెప్పే బదులు ఒక్కసారి వివరంగా రాస్తున్నాను.

అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. ఇదే నమూనా, ఇవే ఫోటోలతో, నాలుగైదు వేర్వేరు పేర్ల కింద ఇంటర్నెట్‌లో అమ్ముడవుతోంది. తయారైనది మాత్రం దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోనని పెట్టె మీద అచ్చయి ఉంది. నేను కొన్నది ఇనుప పీట మీద తనంతట తానే నిలబడే రకం. ధర 1,150 ఆస్ట్రేలియన్ డాలర్లు, రవాణాకు మరో 190. నాలుగు వారాల్లో చేరుతుందన్న సరుకు పదో వారంలో చేరింది. పెట్టె చెక్కల మీద గోధుమ కంకి గుర్తుతో కొట్టిన ముద్ర ఉంది: చెక్కలో పురుగు మిగలకుండా లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలైనా ఉండాలన్న అంతర్జాతీయ నియమాన్ని పాటించినట్టు. ఈ దేశపు రేవుల్లో కర్ర సరుకును ఎంత అనుమానంగా చూస్తారో తెలిసినవారికి ఆ పది వారాలు పెద్ద వింతగా తోచవు.

ఈ సరుకు మంచిచెడ్డలు తూచే ముందు దాని పుట్టుక కొంత చెప్పాలి, ఎందుకంటే ఇందులో నాకు కనబడిన లోపాల్లో సగం తయారీ లోపాలు కావు, ప్రయాణపు గుర్తులు. కొయ్యమనిషి రెండుసార్లు ఇల్లు మారింది. మొదట నేలలో పాతిన గుంజగా ఉండేది, ఆ తరువాత గోడకు వేలాడింది, చివరికి పీట ఎక్కింది. ఈ విద్య ఏ ఊరికి వలస వెళితే ఆ ఊరి ఇళ్ళు ఎలా ఉంటాయో అలా ఈ కర్ర కూడా తన కాళ్ళు మార్చుకుంది. కొనేవారు తాము కొంటున్నది ఏ ఇంటి కొయ్యమనిషో తెలుసుకోవడం అవసరం. నేను అది తెలుసుకోకుండా కొన్నాను.

వింగ్ చున్ పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ అందంగా ఉంటుంది. అప్పట్లో చైనాను ఏలిన చింగ్ వంశపు సైన్యాలు షావోలిన్ ఆలయాన్ని తగలబెట్టినప్పుడు తప్పించుకున్న ఎన్‌గ్ ముయ్ అనే సన్యాసిని కొత్త పోరాట రీతిని కనిపెట్టిందట. బలవంతపు పెళ్ళికి పట్టుబడుతున్న రౌడీని ఎదిరించడానికి దాన్ని యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయికి నేర్పిందట. ఆ అమ్మాయి పేరే విద్యకు నిలిచిందట. పేరుకు అర్థం వసంత గానం. ఇప్ మాన్ స్వయంగా తన చేతిరాతలో ఈ కథను రాసిపెట్టాడు. అయితే దీన్ని బలపరిచే సమకాలీన ఆధారం ఏదీ లేదు, చరిత్రకారులు దీన్ని ఐతిహ్యంగానే చూస్తారు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఈ కొయ్యను ఎవరికి చూపించినా ఐదు నిమిషాల్లో బోధిధర్ముడి ప్రస్తావన వస్తుంది, ఇదంతా మన దక్షిణాది నుంచి వెళ్ళిన విద్యేనన్న మాట వస్తుంది. బోధిధర్ముణ్ణి దక్షిణ భారతీయుడిగా చెప్పే పాత చైనా రాత ఉన్న మాట నిజమే. కానీ ఆయన షావోలిన్ సన్యాసులకు వ్యాయామం నేర్పాడన్న కథ 17వ శతాబ్దపు యీజిన్‌జింగ్ అనే గ్రంథం దాకా వెనక్కి వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. అది ఆయన కాలానికి వెయ్యేళ్ళ తరువాతి పుస్తకం. వింగ్ చున్‌కు ఆయనతో ముడి వేయడానికి అంత దూరం కూడా అక్కర్లేదు, ముడే లేదు.

కాస్త గట్టి నేల తగిలేది దక్షిణ చైనాలోని ఫోషాన్ పట్టణంలో. పెర్ల్ నదీ డెల్టాలో కాంటనీస్ నాటక సమాజాలు ఎర్ర రంగు పడవల్లో ఊరూరా తిరిగేవి. ఆ పడవల్లో ఉండే వాంగ్ వా బో, లియూంగ్ యీ తాయ్ అనే ఇద్దరి ద్వారా ఈ విద్య నిలబడిందని పరంపర చెబుతుంది. తెడ్డుగడ వేసే మనిషి దగ్గర గడ విద్య, నటుడి దగ్గర చేతి విద్య ఉండేవని, ఇద్దరూ ఇచ్చిపుచ్చుకున్నారని కూడా చెబుతుంది. 1854లో లీ వెన్‌మావ్ అనే నటుడు చింగ్ ప్రభుత్వం మీద తిరుగుబాటు చేయడం, దానికి ప్రతిగా ఫోషాన్‌లోని నటుల సంఘ భవనాన్ని నేలమట్టం చేసి నాటకాలను నిషేధించడం మాత్రం చరిత్ర. ఆ తరువాత ఈ విద్య మనకు కనబడేది లియూంగ్ జాన్ అనే మూలికా వైద్యుడి దగ్గర. ఆయన నుంచి డబ్బు మార్పిడి వ్యాపారి చాన్ వా షున్‌కు, ఆయన నుంచి 1893లో ఫోషాన్ సంపన్న కుటుంబంలో పుట్టిన ఇప్ మాన్‌కు. ఊళ్ళో వైద్యుడు, షరాబు, జమీందారు బిడ్డ. వేలమంది చేరే సైనిక విద్యగా దీన్ని ఊహించుకునేవారికి ఈ జాబితా చప్పగా అనిపించవచ్చు. ఆ తరాల్లో నేర్చుకున్నవారి సంఖ్య చాలా చిన్నది.

ఆ కాలపు కొయ్యమనిషిని నేలలో గొయ్యి తీసి, మాను అడుగు భాగాన్ని అందులో దించి, చుట్టూ గట్టిగా కూరి నిలబెట్టేవారు. పెరడు ఉన్న ఇంటికి, కుటుంబ మండపానికి అది సరిపోతుంది. దీన్ని సే జోంగ్, అంటే చచ్చిన గుంజ అంటారు. కొడితే కదలదు, తిరిగి రాదు.

1949లో చైనాలో ప్రభుత్వం మారినప్పుడు, అంతకుముందు, కమ్యూనిస్టుల చేతిలో ఓడిన కువోమిన్‌టాంగ్ పార్టీ పాలనలో పోలీసు ఉద్యోగం చేసిన ఇప్ మాన్ ఫోషాన్ వదిలి హాంకాంగ్ చేరాడు. ఆస్తి పోయింది, వయసు యాభై దాటింది. 1950లో కౌలూన్ ప్రాంతపు భోజనశాలల కార్మికుల సంఘంలో పాఠాలు మొదలుపెట్టాడు. అంతవరకు డబ్బు కోసం నేర్పని మనిషి జీవిక కోసం నేర్పడం మొదలుపెట్టిన రోజు నుంచే వింగ్ చున్ వ్యాప్తి మొదలైందని నా అభిప్రాయం; సన్యాసినుల కన్నా, ఆలయాల కన్నా ఈ విద్యకు హోటల్ కార్మికులే ఎక్కువ మేలు చేశారు. లియూంగ్ షియూంగ్, లోక్ యియూ, చూ షాంగ్ తిన్, వాంగ్ షున్ లియూంగ్ అక్కడి తొలి శిష్యులు. వాంగ్ షున్ లియూంగ్ మేడల మీద జరిగే రహస్య పోటీల్లో పేరు తెచ్చుకుని విద్యకు గిరాకీ పెంచాడు.

శరణార్థులతో కిక్కిరిసిన హాంకాంగ్‌లో గొయ్యి తీయడానికి నేల ఎక్కడిది? మూడో అంతస్తు గదిలో గుంజ పాతడం కుదరదు. అందుకే 1950లలో ఇప్ మాన్ కోసం కొయ్యమనిషిని గోడ చట్రానికి వేలాడదీశారు. దుంగలో పైన ఒకటి, కింద ఒకటి బెజ్జాలు తొలిచి, వాటి గుండా రెండు సన్నటి పలకలు దూర్చి, ఆ పలకల కొసలను గోడకు బిగించిన నిలువు కమ్మీల మీద ఆనించారు. పలక సన్నంగా ఉండి విల్లులా వంగుతుంది కాబట్టి, దుంగను నెడితే కాస్త వెనక్కి వెళ్ళి, వదలగానే ముందుకు వస్తుంది. చచ్చిన గుంజకు ప్రాణం వచ్చింది, పేరు కూడా సాంగ్ జోంగ్, అంటే బతికిన గుంజ అయింది. ఇరుకు గదిలో తప్పనిసరై చేసిన సర్దుబాటు అసలుకన్నా మెరుగైన సాధనం కావడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. మనిషిని నెట్టినప్పుడు మనిషి కూడా తూలి తిరిగి మీదికి వస్తాడు కదా.

ఇక విదేశాల సంగతి. నిజానికి హాంకాంగ్ కన్నా ముందే, 1930లలో, ఫోషాన్‌కు చెందిన యూన్ చాయ్ వాన్ వియత్నాంలోని హనోయ్‌కి వెళ్ళి అక్కడి చైనీయులకు నేర్పాడు. వియత్నాం వింగ్ చున్ ఆయన నుంచే మొదలై వేరే దారిలో పెరిగింది. కానీ ప్రపంచమంతా పాకినది ఇప్ మాన్ శాఖ. 1950ల నడుమ ఆయన దగ్గర చేరిన కుర్రవాడు బ్రూస్ లీ 1959లో అమెరికా వెళ్ళి, సియాటిల్‌లో నేర్పడం మొదలుపెట్టి, చివరికి వింగ్ చున్ దాటి తన సొంత పద్ధతికి వెళ్ళిపోయినా, ఇంట్లో కొయ్యమనిషిని మాత్రం ఉంచుకున్నాడు. ఇప్ మాన్ 1972 డిసెంబరులో, బ్రూస్ లీ 1973 జులైలో, ఎనిమిది నెలలు తిరగకుండానే ఇద్దరూ పోయారు; సరిగ్గా అప్పుడే కుంగ్‌ఫూ సినిమాల గాలి ప్రపంచమంతా వీచింది. ఇప్ మాన్ శిష్యులు మొయ్ యాత్ న్యూయార్క్‌లో, విలియం చ్యూంగ్ ఇక్కడ మెల్బోర్న్‌లో బడులు తెరిచారు. జర్మనీలో కీత్ కెర్న్‌ష్పెష్ట్ 1976లో హాంకాంగ్ గురువు లియూంగ్ తింగ్ పద్ధతి కోసం యూరప్ సంస్థను స్థాపించి, దాన్ని 12 విద్యార్థి తరగతుల పాఠ్యక్రమంగా మలిచాడు.

పోయే ముందు కొద్ది రోజుల వ్యవధిలో, గొంతు క్యాన్సర్‌తో చిక్కి శల్యమైన ఇప్ మాన్ చిన్న కెమెరా ముందు కొయ్యమనిషి వరుసను, అంటే దాని మీద ఒకదాని వెంట ఒకటి చేసే కదలికల క్రమాన్ని, చేసి చూపించాడు. మూగ చిత్రం, మసక వెలుతురు. ఈనాడు ప్రపంచంలో ఏ ఇద్దరు గురువులు వాదించుకున్నా చివరికి ఆ కొన్ని నిమిషాల దగ్గరికే వస్తారు, వచ్చాక కూడా వాదన తెగదు. ఆయన పరంపరలో ఎక్కువమంది వరుసలో 116 కదలికలు లెక్కిస్తారు, కొందరు 108 అంటారు. రెండు చైనా అక్షరాల ఒకే పేరును ఆంగ్లంలో మూడు నాలుగు రకాలుగా రాసుకుని, ఎవరి రాత చూసి వారి శాఖ చెప్పగలిగే స్థితి వచ్చింది. 1967లో హాంకాంగ్‌లో ఏర్పడిన సంఘం మొదటి అక్షరాన్ని మార్చి వింగ్ త్సున్ అన్న ఉచ్చారణకు దగ్గరగా రాసుకున్నది, మామూలుగా రాస్తే పొడి అక్షరాలు (డబ్ల్యూ.సి.) మరుగుదొడ్డి గుర్తుతో కలుస్తాయన్న భయంతోనేనని ఇక్కడి బడుల్లో నవ్వుతూ చెప్పుకుంటారు.

అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాలకు వచ్చేసరికి కొయ్యమనిషికి మళ్ళీ ఇంటి సమస్య వచ్చింది. ఇక్కడ గోడలు చాలావరకు పలచని జిప్సం పలకలు, వెనక సన్నటి చెక్క నిలువులు. అందులోనూ సగం మంది అద్దె ఇళ్ళవారు. ఓడలో పంపాలంటే ఐదడుగుల దుంగతో పాటు ఆరడుగుల చట్రం కూడా మోయాలి. దానికి వ్యాపారులు కనిపెట్టిన విరుగుడు పీట. గోడ అక్కర్లేదు, మేకు అక్కర్లేదు, గరాజ్‌లో నిలబెట్టుకుని సాధన చేసుకోవచ్చు. నేను పడింది సరిగ్గా ఆ మాటకే.

పెట్టెలు తెరిచిన రోజు ముందుగా తగిలింది వార్నిషు వాసన. మూడు రోజులు గరాజ్ తలుపు ఎత్తి ఉంచాల్సి వచ్చింది. చేతులకు దట్టంగా, అద్దంలా మెరిసే పూత వేశారు. చూపుకు బాగుంటుంది గానీ, ముంజేయి చెమట పట్టగానే ఆ పూత మీద జారుతుంది, కొయ్యకు అంటుకుని తిరగాల్సిన చెయ్యి పక్కకు పోతుంది. గరుకు కాగితంతో పూత మొత్తం గీకేసి, అవిసె నూనె రెండు మూడు విడతలు పట్టించాక గానీ చేతికి కర్ర తగిలినట్టు అనిపించలేదు. కొనబోయేవారు పూత లేని చేతులు అడిగి తీసుకుంటే ఒక ఆదివారం మిగులుతుంది.

కర్ర పనిలో అసలు నేర్పు చేతుల దగ్గర ఉంటుంది. పై రెండు చేతులు దుంగలో ఎదురెదురుగా ఏటవాలుగా దూరి, లోపల ఒకదానినొకటి దాటుకుని వెనక బయటికి వస్తాయి. ఒకే చోట రెండు కర్రలు దాటలేవు కాబట్టి ఒక బెజ్జం పైన, ఒక బెజ్జం దాని కింద తొలుస్తారు. అయినా బయట చేతులు రెండూ ఒకే ఎత్తులో కనబడాలి. అందుకోసం చేతి గుండ్రటి భాగాన్ని చదరపు కుసికి (బెజ్జంలో దూరే కొసకు) నడుమన కాకుండా ఒక చేతికి పై అంచుకు, మరో చేతికి కింది అంచుకు జరిపి చెక్కుతారు. కుడి ఎడమలు తారుమారు చేసినా, చేతిని తలకిందులుగా దూర్చినా ఎత్తుల్లో రెండేసి అంగుళాల తేడా వస్తుంది. నాకు వచ్చిన కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. బొమ్మలో చేతులు బిగించినవాడి వేళ్ళు కనబడుతున్నాయి, చేతుల మీద గుర్తులు కనబడటం లేదు. వారం రోజులు వంకర చేతుల కొయ్యమనిషితో కుస్తీ పట్టి, భుజం నొప్పి తెచ్చుకున్నాక, నేను నేర్చుకునే బడిలో ఉన్న కొయ్యను దగ్గరగా చూసి పొరపాటు తెలుసుకున్నాను.

పొరపాటు దిద్దుకున్నాక కూడా మధ్య చెయ్యి దిగలేదు. బెజ్జం లోపల చదును చేయకుండా వదిలేశారు. తెనాలి దగ్గర వడ్రంగి పని చేసే మా బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను.

“కుసి బిగుతుగా ఉందిరా, రెండు వైపులా ఉలి పెట్టి సాపు చెయ్యి. మరీ తియ్యకు, వదులైపోద్ది.”

“వదులుగానే ఉండాలి బాబాయ్. కొడితే చెయ్యి లోపల ఊగాలి, టక్కుమని మోగాలి.”

“ఊగే కుసి ఏంట్రా! అలాంటి పని చేస్తే మా మేస్త్రి నా వీపు మోగించేవాడు.”

నవ్వుకున్నాం గానీ, ఆయన తప్పు పట్టిన చోటే ఈ వస్తువు ఒడుపు ఉంది. బల్లకూ తలుపుకూ కుసి కదలకూడదు, కొయ్యమనిషికి కదలాలి. చేతి వెనక కొస దుంగ బయటికి వచ్చిన చోట ఒక చీల పెడతారు, అది చెయ్యి ఊడిపోకుండా చూస్తుంది తప్ప బిగించదు. ఒత్తిడి సరైన కోణంలో, దుంగ నడిబొడ్డు వైపు పడితే మోత పొడిగా, ఒక్కసారే వస్తుంది. పక్కకు పడితే గలగలమంటుంది. గురువు పక్కన లేని రోజున తప్పొప్పులు చెప్పేది ఆ చప్పుడే. చప్పుడు విషయంలో ఈ సరుకుకు మంచి మార్కులు వేస్తాను. ఉలి పట్టి సాపు చేసిన తరువాత మూడు చేతులూ చక్కగా పలుకుతున్నాయి. ఉదయం ఏడుకు ముందు మాత్రం పక్కింటివారికి వినబడేంత చక్కగా పలుకుతున్నాయి.

దుంగ సంగతి వేరు. జనవరిలో ఉత్తరపు వేడిగాలి వీచి 40 డిగ్రీలు దాటిన వారంలో, రాత్రి పూట గరాజ్‌లోంచి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెల్లారి చూస్తే పై బెజ్జం నుంచి కిందికి జానెడు పొడవున పగులు. తేమగాలి ఉండే దక్షిణ చైనాలో ఆరిన కర్ర ఈ పొడి ఎండలో ఇంకా ఆరుతుంది. ఏ దుంగైనా వలయాల వెంట కుంచించుకునేది, నడిమి నుంచి అంచుకు కుంచించుకునే దానికి ఇంచుమించు రెట్టింపు, అందుకే నిండు దుంగ ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు. తెలిసిన పనివాడు వెనక వైపు పొడవునా ముందే రంపపు కోత పెడతాడు, విచ్చుకునేది అక్కడ విచ్చుకుంటుంది. నా దుంగకు ఆ కోత లేదు. లేదా ముక్కలు అతికి గుండ్రంగా చేసిన దుంగ కొనాలి, అది ఇంత తేలిగ్గా పగలదు. అమ్మినవారికి ఫోటోలు పంపితే వీడియో అడిగారు, వీడియో పంపితే కొలబద్ద పెట్టి మరో వీడియో అడిగారు, మూడు వారాల తరువాత ఇది కర్రకు సహజ స్వభావమని రాసి, తరువాతి కొనుగోలులో 60 డాలర్లు తగ్గిస్తామన్నారు. రెండో కొయ్యమనిషిని ఎవరు కొంటారో వారే చెప్పాలి. పగులు సాధనకు అడ్డం రాలేదు, పెరగనూ లేదు. బాబాయి సలహా మీద రెండు వైపులా నూనె పట్టించి వదిలేశాను.

ఇక పీట. ఈ సమీక్షలో నేను గట్టిగా వద్దనే భాగం ఇదొక్కటే. ఇనుప పలక, మధ్యలో దుంగను పట్టుకునే గొట్టం, అడుగున నాలుగు రబ్బరు దిమ్మెలు. ఇసుక మూటలు నాలుగు పెట్టినా కాంక్రీటు మీద నెమ్మదిగా జరుగుతుంది. వరుస మొదలుపెట్టినప్పుడు గరాజ్ నడుమ ఉన్న కొయ్యమనిషి ముగించేసరికి కారు బంపరు దగ్గర ఉంటుంది. అది చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది కదలిక తీరులో ఉంది. పలకల మీద వేలాడే దుంగ నిటారుగా వెనక్కి వెళ్ళి నిటారుగా ముందుకు వస్తుంది, నెట్టినవాడి చేతిలోకే వస్తుంది. పీట మీది దుంగకు మొదలు కదలదు, తల మాత్రం తాటిచెట్టులా ఊగుతుంది, అదీ ఆలస్యంగా తిరిగి వస్తుంది. రెండు అరచేతులతో నెట్టే పో పాయ్ అనే కదలిక దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. బడిలో ఆ నెట్టుకు వేలాడే కొయ్య వెంటనే బదులిస్తుంది, ఆ బదులును పాదాల్లోకి దించుకోవడమే అక్కడి పాఠం. ఇంట్లో నేను నెట్టాక దుంగ తిరిగి వచ్చేలోపు రెండో కదలికలో ఉంటున్నాను. ఆరు నెలల్లో నా చేతులకు ఆ ఆలస్యం అలవాటైపోయింది. మా గురువు ఒక శనివారం నా ముంజేతుల మీద తన ముంజేతులు ఆనించి, పది క్షణాలు కాకముందే, “ఇంట్లో పీట కొయ్య కొన్నావా?” అని అడిగారు.

ఆయన పూర్వీకులు గ్రీసు నుంచి వలస వచ్చినవారు. మెల్బోర్న్‌లోనే పుట్టారు, కాంటనీస్‌లో అంకెలు లెక్కపెడతారు, మేము ఆయన్ను సీ ఫు, అంటే గురువు, అంటాం. యాత్, యీ, సామ్ అని ఆయన లెక్కిస్తుంటే పక్కన ఒక సూడాన్ కుర్రవాడు, ఒక వియత్నాం అమ్మాయి, నేను. ఫోషాన్‌లో ఒక మండపంలో కొద్దిమంది మధ్య ఉండిపోయిన విద్య ఎంత దూరం వచ్చిందో ఆ గదిలో తెలుస్తుంది. ఇటు నుంచి అటు తిరుగు ప్రయాణం కూడా మొదలైంది: ఫోషాన్‌లోని జూమియావ్ ఆలయ ప్రాంగణంలో 2002లో ఇప్ మాన్ స్మారక మందిరం తెరిచారు, హాంకాంగ్ మీదుగా విదేశాల్లో నేర్చుకున్నవారు దాన్ని చూడటానికి అక్కడికి వెళుతున్నారు.

కొనాలా వద్దా అన్న ప్రశ్నకు వస్తాను. వింగ్ చున్ మొదలుపెట్టి ఏడాది కానివారికి ఇది అక్కర్లేదు. సియూ నిమ్ తావ్, చుమ్ కియూ అనే మొదటి రెండు వరుసలు ఒంటికి పట్టాక గానీ కొయ్య వరుస నేర్పరు, నేర్పేది ఉండగా ముందే కొట్టుకుంటే తప్పులే గట్టిపడతాయి. ముంజేతులు రాటుదేలడానికి ఇది సాధనమనుకుని కొనేవారు కూడా డబ్బు దాచుకోవచ్చు. దీన్ని బాదరు, కోణం, దూరం, అడుగు సరిచూసుకుంటారు. నాకు మొదటి నెల వచ్చిన నీలి మచ్చలన్నీ నా తొందరకు గుర్తులే తప్ప సాధనకు కావు. ఎదుటివాడి చేతి ఒత్తిడిని చర్మంతో చదివే చీ సావ్ సాధనకు కొయ్య ఎప్పటికీ ప్రత్యామ్నాయం కాదు. కొయ్యకు మనసు మారదు.

రెండేళ్ళు నేర్చుకుని, బడికి వారానికి ఒకటి రెండు రోజులకు మించి వెళ్ళలేనివారికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. అడుగు మార్పు విషయంలో నాకు కలిగిన మేలు చాలా ఉంది. వంగిన కాలు ముందుకు పొడుచుకుని ఉండటం వల్ల, పక్కకు తిరగకుండా నేరుగా దూరితే మోకాలు దెబ్బ తింటుంది, నాలుగుసార్లు తగిలాక అడుగు తనంతట తానే పక్కకు పడుతుంది. సొంత గోడ ఉన్నవారు పలకల మీద వేలాడే రకమే కొనాలి. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారైతే విదేశం నుంచి తెప్పించుకోవడంలో నాకు అర్థం కనబడదు. ఇటుక గోడ ఉంది, టేకు ఉంది, కొలతలు గీసిస్తే కుసి బెజ్జం తెలిసిన వడ్రంగి చేయగలడు. వదులుగా ఉండాలని ఒప్పించడమే కష్టం.

తూకం వేస్తే చేతుల పనికి ఐదుకు నాలుగు, దుంగకు రెండున్నర, పీటకు ఒకటి, అమ్మినవారి సేవకు అంతకన్నా తక్కువ. అయినా కొయ్యమనిషిని తిప్పి పంపలేదు. బాబాయి ఫోన్‌లో చెప్పిన కొలతల ప్రకారం దుంగకు పైన, కింద రెండు పలక బెజ్జాలు నేనే తొలిచాను, చట్రానికి చెక్క తెచ్చాను. గోడకు ఎనిమిది బోల్టులు బిగించుకుంటానని ఇంటి యజమానికి పోయిన నెల ఉత్తరం రాస్తే, చెక్క నిలువులు ఉన్న చోటే బిగించాలని, ఇల్లు ఖాళీ చేసే రోజున ఎనిమిది చిల్లులూ పూడ్చి రంగు వేయాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు.